నీల్ ద్వీపానికి పంచాంగం చూసుకుని వెళ్లాం

"వైజాగ్‌లో ఉంటూ బీచ్ కోసం లక్ష రూపాయలు తగలేస్తారా?"

ఈ మాట మా ల్యాబ్‌లో రిసెప్షన్ అమ్మాయి అంది, గాజువాకలో మా ఆయన షాపు పక్క షాపాయన అన్నాడు, ఆఖరికి మా అత్తయ్య కూడా అంది. వాళ్ల మాటలో తప్పేం లేదు. స్కూటర్ తీస్తే అరగంటలో ఆర్కే బీచ్‌లో ఉంటాం. కానీ మా పాపకి అయిదున్నరేళ్లు వచ్చినా ఆ సముద్రంలో మడమలు దాటి తడవలేదు. మన దగ్గర ఒడ్డు రెండడుగులు వేయగానే దిగిపోతుంది, అల వెనక్కి వెళ్తూ కాళ్ల కింద ఇసుకని కూడా లాక్కుపోతుంది. ప్రతి ఏడూ పేపర్లో ఎవరో ఒకరి వార్త చదువుతూనే ఉంటాం. అందుకని మా బీచ్ అంటే పిల్లల మణికట్లు గట్టిగా పట్టుకుని నిలబడటం, మురీ మిక్చర్ తినడం, ఇంటికి రావడం. అంతే.

నాకు కావలసింది వేరు. రెండేళ్ల చిన్నోడు కూర్చుంటే నడుము దాటని నీళ్లు. అల లేకపోతే ఇంకా మంచిది. నిద్రొచ్చి ఏడుపు మొదలెడితే అయిదు నిమిషాల్లో గదికి నడిచి వెళ్లిపోగలగాలి. రోజుకో ఊరు, పూటకో పాయింటు అని పెట్టె సర్దుకునే పని ఉండకూడదు. మొత్తం ఖర్చు లక్ష లోపు. చూడాల్సిన ప్రదేశాల జాబితా అసలు వద్దు. జాబితాలు పెట్టుకుని తిరిగిన ఊటీ ప్రయాణం ఇంకా మర్చిపోలేదు. ఏడు చోట్లు చూశాం, ఏడు చోట్లా పాప కారులో పడుకునే ఉంది.

ముందు లక్షద్వీప్ అనుకున్నాం. పగడపు దిబ్బల మధ్య కదలని నీళ్లు, పిల్లలకి అంతకంటే ఏం కావాలి? కానీ అక్కడికి వెళ్లాలంటే ముందు ప్రవేశ అనుమతి తీసుకోవాలి, గదులు తక్కువ, లెక్క వేసి చూస్తే మా బడ్జెట్ దాటిపోయింది. తర్వాత అండమాన్. అక్కడ హేవ్‌లాక్ అందరికీ తెలుసు. రాధానగర్ బీచ్ ఫొటోలు చూస్తే ఎవరికైనా మనసవుతుంది. కానీ అక్కడ అలలు బాగానే ఉంటాయి, గదుల రేట్లూ అలాగే ఉన్నాయి. దాని పక్కనే చిన్న ద్వీపం నీల్. ఈ చివర లక్ష్మణ్‌పూర్ నుంచి ఆ చివర సీతాపూర్‌కి ఆటోలో వెళ్తే పావుగంట కూడా పట్టదు. 2011 జనాభా లెక్కల్లో అక్కడ ఉన్నవాళ్లు దాదాపు మూడు వేల మంది. మా అపార్ట్‌మెంట్ ఉన్న వీధిలో అంతకంటే ఎక్కువే ఉంటారేమో.

ఒక చిన్న సంగతి. 2018లో నీల్ పేరు శహీద్ ద్వీప్ అని, హేవ్‌లాక్ పేరు స్వరాజ్ ద్వీప్ అని మార్చారు. 2024 సెప్టెంబరులో పోర్ట్‌బ్లెయిర్ కూడా శ్రీవిజయపురం అయింది. టికెట్ల మీద కొత్త పేర్లు కనిపిస్తాయి, మనుషులు పాత పేర్లతోనే మాట్లాడతారు. మా ఆయన ఓడ టికెట్ బుక్ చేస్తూ "ఇందులో నీల్ లేదే" అని ఇరవై నిమిషాలు వెతికారు.

ఇక అసలు విషయం. మా పెద్దనాన్నగారి అబ్బాయి పోర్ట్‌బ్లెయిర్‌లో జంగ్లీఘాట్ దగ్గర ఉంటాడు. వదిన వాళ్ల తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి చేపల వేటకని వెళ్లి అక్కడే ఉండిపోయారు. ఆ వీధుల్లో నడిస్తే మన తెలుగే వినిపిస్తుంది. 2011 లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్‌లో నూటికి పదమూడు మంది మాతృభాష తెలుగు. డిసెంబరులో అన్నయ్యకి ఫోన్ చేసి, "ఏ హోటల్ బాగుంటుంది, ఏ బోటు మంచిది" అని నా ప్రశ్నలన్నీ వరసగా అడిగాను. అంతా విని ఒకే మాటన్నాడు.

"హోటల్ తర్వాత చూసుకో చెల్లెమ్మా. ముందు తిథి చూసుకో."

నాకు అర్థం కాలేదు. శుభముహూర్తం గురించేమో అనుకున్నా. కాదు, ఆటుపోట్ల గురించి.

నీల్‌లో పిల్లలకి పనికొచ్చేది భరత్‌పూర్ బీచ్. ఓడలు ఆగే జెట్టీ పక్కనే ఉంటుంది. నీళ్లు లోతు లేకుండా చాలా దూరం అలాగే పరుచుకుని ఉంటాయి, అలలు దూరంగా పగడపు దిబ్బల దగ్గరే ఆగిపోతాయి. కానీ అదంతా పోటు మీదున్నప్పుడు. ఆటు సమయానికి నీళ్లు వెనక్కి వెళ్లిపోయి, చచ్చిపోయిన పగడపు రాళ్లు బయటపడతాయి. అప్పుడు అందులో ఈతా లేదు, ఆటా లేదు, కాళ్లు కోసుకోవడమే. కాబట్టి బీచ్ ఎంత బాగుందన్నది కాదు, మీరు వెళ్లిన గంటకి అక్కడ నీళ్లున్నాయా లేదా అన్నదే లెక్క.

అన్నయ్య మామగారు వాళ్లకి చెప్పే లెక్క ఇది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో అక్కడ నిండు పోటు ఉదయం దాదాపు తొమ్మిది, పది మధ్య వస్తుంది. ఆ తర్వాత ఆరు గంటలకి, అంటే మధ్యాహ్నం మూడు, నాలుగు మధ్య, పూర్తి ఆటు. రోజు రోజుకీ ఈ సమయం ముప్పావు గంట, ఒక్కోసారి కాస్త ఎక్కువ, ఆలస్యమవుతూ పోతుంది. వారం గడిచి అష్టమి వచ్చేసరికి మొత్తం తిరగబడుతుంది: పొద్దున్న ఆటు, మధ్యాహ్నం పోటు. సూర్యుడు, చంద్రుడు, భూమి వరసలో ఉన్న రోజుల్లో నీళ్లు బాగా పైకొచ్చి బాగా కిందికి వెళ్తాయి. అష్టమి దగ్గర ఆ తేడా తక్కువ. స్కూల్లో చదువుకున్నదే. నలభై ఏళ్లు రాబోతుండగా మొదటిసారి పనికొచ్చింది.

ఇప్పుడు దీన్ని మా పిల్లల దినచర్య పక్కన పెట్టి చూడండి. పొద్దున్నే లేస్తారు. ఎనిమిదింటికి తిండి. పదకొండున్నరకి అన్నం. పన్నెండు నుంచి రెండున్నర దాకా చిన్నోడి నిద్ర. అంటే పౌర్ణమి రోజుల్లో వాళ్ల ఆట సమయానికి నీళ్లు నిండుగా ఉంటాయి, నిద్ర సమయానికి వెళ్లిపోతాయి, లేచేసరికి రాళ్ల మధ్య పీతలూ నక్షత్ర చేపలూ చూడటానికి ఆటు సిద్ధంగా ఉంటుంది. సముద్రం మా చిన్నోడి టైంటేబుల్ చూసి నడుస్తున్నట్టే ఉంది.

గోడ మీద క్యాలెండర్ తీశాను. ఈశాన్య రుతుపవనాల వానలు అయిపోయి, సముద్రం నెమ్మదించే నెలలు కావాలి. పాప ఇంకా యూకేజీయే కాబట్టి బడి మానినా మునిగిపోయేది లేదు. 2025 ఫిబ్రవరి 12, బుధవారం: మాఘ పౌర్ణమి. అది చూడగానే మా అత్తయ్య గొంతు మారిపోయింది. మాఘ పౌర్ణమికి సముద్ర స్నానం అంటే ఆవిడకి పండగ కంటే ఎక్కువ. "అయితే నేనూ వస్తానమ్మా" అన్నారు. లక్ష తగలేయడం గురించి మళ్లీ ఎవరూ మాట్లాడలేదు.

ఆవిడ టికెట్ అదనపు ఖర్చే, కానీ ఇద్దరు చిన్నపిల్లలున్నప్పుడు మూడో పెద్దమనిషి ఉండటం ఎంత సుఖమో వెళ్లొచ్చాక తెలిసింది. ఒకరు పాపతో నీళ్లలో, ఒకరు చిన్నోడితో ఇసుకలో, ఒకరు ఊరికే. ఆ "ఊరికే" వంతు కోసం మా ఆయనా నేనూ పోట్లాడుకున్నాం.

టికెట్ల దగ్గర ఒక దెబ్బ తగిలింది. రెండేళ్లు నిండని పిల్లలు విమానంలో ఒళ్లో కూర్చుని నామమాత్రం చార్జీతో వెళ్లొచ్చు. మావాడికి నవంబరులో రెండేళ్లు నిండాయి. మూడు నెలల తేడాతో పూర్తి టికెట్. మీ బాబుకో పాపకో రెండో పుట్టినరోజు దగ్గర్లో ఉంటే తిరుగు ప్రయాణం కూడా దానికి ముందే అయిపోయేలా చూసుకోండి, తిరిగొచ్చే రోజు వయసు కూడా చూస్తారు. వైజాగ్ నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కి అప్పుడప్పుడు వెళ్లే ఓడ ఉంది, చవక కూడా. కానీ రెండు పగళ్లూ రెండు రాత్రుళ్లూ దాటిన సముద్ర ప్రయాణం, రెండేళ్ల పిల్లాడు: మా ఆయన ఆ మాట ఎత్తగానే అత్తయ్యా నేనూ ఒకేసారి "వద్దు" అన్నాం. రైల్లో చెన్నై, అక్కడ ఆయన స్నేహితుడింట్లో ఒక రాత్రి, పదో తారీఖు తెల్లవారుజామున విమానం. ఆ రాత్రి అన్నయ్య వాళ్లింట్లో, పదకొండున పొద్దున్నే నీల్‌కి బోటు.

బోటు గురించి కాస్త చెప్పాలి. ప్రైవేటు బోట్లు వేగంగా వెళ్తాయి, గంట, గంటన్నర. ఏసీ, మెత్తటి సీట్లు. మేమెక్కిన దాంట్లో అద్దాలు మూసే ఉన్నాయి, బయటికి వెళ్లనివ్వలేదు. అరగంట గడవకుండానే చిన్నోడు నా చున్నీ మీద వాంతి చేసుకున్నాడు. వాడిని చూసి పాప. ఇద్దరినీ చూసి మా ఆయన ముఖం కూడా మారింది. అత్తయ్య ఒక్కరే చింతపండు బిళ్ల చప్పరిస్తూ కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. వచ్చేటప్పుడు ప్రభుత్వ ఓడ ఎక్కాం. రెండు గంటలు పట్టింది, సీట్లు మామూలువే, కానీ పైకి వెళ్లి గాలి పీల్చుకోవచ్చు. టికెట్ కూడా ప్రైవేటు దాంట్లో సగం కంటే తక్కువ. ఎవరికీ ఏమీ కాలేదు. పిల్లల డాక్టర్‌ని ముందే అడిగి వాంతుల మందు రాయించుకోండి, ఎక్కే ముందు కడుపునిండా పాలు పట్టకండి. ఆ తప్పు నేనే చేశాను.

గది భరత్‌పూర్ బీచ్‌కి నాలుగు నిమిషాల నడక దూరంలో, ఒక బెంగాలీ కుటుంబం ఇంటి వెనక కట్టుకున్న మూడు గదుల్లో ఒకటి. రోజుకి రెండు వేల రెండు వందలు. దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కుటుంబాలకి ఈ ద్వీపంలో భూములిచ్చారు. ఊళ్ల పేర్లన్నీ రామాయణమే: రామ్‌నగర్, సీతాపూర్, లక్ష్మణ్‌పూర్, భరత్‌పూర్. ఆటోలో వెళ్తూ అత్తయ్య లెక్కపెట్టి, "పాపం శత్రుఘ్నుడికి ఏమీ ఇవ్వలేదా?" అన్నారు. డ్రైవర్‌కి హిందీలో చెబితే చాలాసేపు నవ్వాడు.

మొదటి రోజే అన్నయ్య మాట వినకుండా ఒక పని చేశాం. దిగిన అలసటతో పొద్దుటి పోటంతా నిద్రలో పోయింది. మూడింటికి పాప ఆగలేదు, "ఇప్పుడే, ఇప్పుడే" అని లాక్కెళ్లింది. వెళ్లి చూస్తే కనుచూపు మేర బూడిద రంగు రాళ్లు, మధ్యలో మోకాలు మునగని మడుగులు. దాని ముఖం చూడాలి.

"నాన్నా, సముద్రం ఎక్కడికెళ్లింది?"

"పడుకోవడానికి వెళ్లిందమ్మా" అన్నారు ఈయన. "రేపు పొద్దున్న వస్తుంది." ఆ లోపే అది నాలుగడుగులు వేసి అరికాలు కోసుకుంది. పెద్ద దెబ్బ కాదు, కానీ మర్నాడే నీల్ కేంద్ర బజారులో ఇద్దరికీ రబ్బరు బూట్లు కొన్నాం. అవి ఇక్కడి నుంచే తీసుకెళ్తే సగం ధరకి వచ్చేవి.

మర్నాడు పౌర్ణమి. అయిదున్నరకే ఆటోలో సీతాపూర్ వెళ్లాం, అది తూర్పు వైపు. అండమాన్ మనకంటే చాలా తూర్పున ఉండి కూడా గడియారం మనదే కాబట్టి అక్కడ అన్నీ ముందే అయిపోతాయి. ఫిబ్రవరిలో సాయంత్రం అయిదున్నరకల్లా సూర్యాస్తమయం. సీతాపూర్‌లో అలలుంటాయి, లోతూ ఉంటుంది, పిల్లల్ని దించలేదు. అత్తయ్య మాత్రం ఈయన చెయ్యి పట్టుకుని మూడు మునకలు వేశారు. అర్ఘ్యం ఇచ్చి, నెత్తి మీద నీళ్లు కారుతుండగా నాతో అన్న మాట: "వైజాగ్‌లో ఈ రోజు ఎంత జనం ఉంటారో తెలుసా?" ఆ ఒడ్డున మేం కాక ఇద్దరే ఉన్నారు, ఒక కుక్క.

ఎనిమిదిన్నరకి భరత్‌పూర్. అదే చోటు, నిన్న రాళ్లున్న చోట, లేత ఆకుపచ్చ నీళ్లు నిండుగా ఉన్నాయి. చిన్నోడు అందులో కూర్చున్నాడు. అంతే, కూర్చున్నాడు. చేత్తో నీళ్లు కొట్టాడు, ప్లాస్టిక్ గిన్నెతో ముంచి పోసుకున్నాడు, మళ్లీ ముంచాడు. రెండున్నర గంటలు. పాప మొదటిసారి మేము మణికట్టు పట్టుకోకుండా సముద్రంలో నడిచింది. రెండు చేతులూ పైకెత్తి, తడబడుతూ, వెనక్కి చూడకుండా. పక్కనే మోకాలు లోతులో నేను. నా చేతుల్ని ఏం చేసుకోవాలో కాసేపు తోచలేదు.

తర్వాతి రోజులన్నీ ఇలాగే నడిచాయి, చెప్పడానికి ఏమీ లేదు. అదే మాకు కావలసింది కూడా. ఒక మధ్యాహ్నం ఆటు వేళకి లక్ష్మణ్‌పూర్ వైపు సహజ శిలాతోరణం చూడటానికి వెళ్లాం, అక్కడి బెంగాలీలు దాన్ని హౌరా బ్రిడ్జి అంటారు. రాళ్లు జారుతాయి, చిన్నోడిని ఎత్తుకునే నడవాలి. నీటి గుంటల్లో నల్లగా లావుపాటి జెర్రుల్లా పడున్న సముద్ర దోసకాయలనే జీవుల్ని చూసి పాప, "నానమ్మా, వీటితో పప్పు చేస్తావా?" అంది.

పప్పు అంటే గుర్తొచ్చింది. నీల్‌లో కూరగాయలు బాగా పండుతాయి, పోర్ట్‌బ్లెయిర్‌కి కూడా ఇక్కడి నుంచే వెళ్తాయి. బజారులో బీరకాయలు, వంకాయలు, తోటకూర చూసి అత్తయ్యకి ప్రాణం లేచొచ్చింది. చిన్న రైస్ కుక్కర్ తీసుకెళ్లాం, దాంతో పాటు చారు పొడి, కంది పొడి, ఊరగాయ. ఇంటావిడ తన వంటింటి పొయ్యి వాడుకోమంది. ఇద్దరికీ ఉమ్మడి భాష లేదు. ఆవిడ ఆవ పెట్టి చేపలు వండింది, అత్తయ్య బీరకాయ పప్పు చేసిచ్చారు. పిల్లలకి పొద్దున, రాత్రి గదిలోనే అన్నం. మధ్యాహ్నం మాత్రం బజారులో అన్నం, పప్పు, చేప ముక్క. తిండికి రోజుకి పన్నెండొందలు దాటలేదు.

కాస్త జాగ్రత్తలు. డబ్బు నోట్లుగా తీసుకెళ్లండి, సిగ్నల్ లేనప్పుడు ఫోన్‌పే పనిచేయదు. ద్వీపంలో చిన్న ప్రభుత్వ ఆసుపత్రి ఉంది కానీ పెద్ద సమస్య వస్తే బోటెక్కి పోర్ట్‌బ్లెయిర్ రావాల్సిందే, కాబట్టి జ్వరం మందు, ఓఆర్‌ఎస్, థర్మామీటర్ మీ సంచిలోనే ఉండాలి. సాయంత్రం పూట ఇసుకలో కనబడని పురుగులు కుడతాయి; వదిన చెప్పినట్టు కాళ్లకి కొబ్బరి నూనె దట్టంగా రాశాం, రాయని ఈయనకే దద్దుర్లు వచ్చాయి. అండమాన్‌లో ఉప్పునీటి మొసళ్లున్న చోట్లు ఉన్నాయి, మడ అడవుల పక్కనా, వాగులు సముద్రంలో కలిసే చోటా పిల్లల్ని దించకండి. నలుగురూ దిగే చోటే దిగండి. గవ్వలు, పగడపు ముక్కలు తేవద్దు. చచ్చిన పగడమైనా సరే తీసుకెళ్లడం నేరం, విమానాశ్రయంలో సంచులు చూస్తారు. అత్తయ్య దేవుడి గదికని కొంగున కట్టుకున్నవన్నీ ఆఖరి రోజు తీసుకెళ్లి ఒడ్డున పోసి దండం పెట్టుకున్నారు.

ఇంకొకటి, ఇది అన్నిటికంటే ముఖ్యం. మా తిరుగు బోటు పదిహేనున. విమానం పదిహేడున. మధ్యలో ఒక రోజు ఎందుకు దండగ అని ఈయన అంటే, "బోటుకీ విమానానికీ మధ్య ఒక రోజు లేకపోతే నేను ఎయిర్‌పోర్టుకి రాను" అన్నాడు అన్నయ్య. పదిహేనున మేం బుక్ చేసిన ప్రైవేటు బోటు ఇంజన్ మొరాయించిందని రద్దు చేశారు. జెట్టీ దగ్గర ఆ రోజే చెన్నై విమానం ఉన్న ఒక జంట, చంకలో బిడ్డతో, కౌంటర్ నుంచి కౌంటర్‌కి తిరుగుతూ కనిపించారు. మేం గదికి తిరిగొచ్చి పిల్లల్ని మళ్లీ నీళ్లలోకి దించాం. పదహారున ప్రభుత్వ ఓడలో వచ్చేశాం. ఆ బోటు డబ్బులు వెనక్కి రావడానికి మూడు వారాలు పట్టింది.

మొత్తం ఖర్చు 96 వేలు, అయిదుగురికి. అందులో 56 వేలు విమానానికే. పోర్ట్‌బ్లెయిర్‌లో అన్నయ్య ఇల్లు, చెన్నైలో స్నేహితుడి ఇల్లు లేకపోతే లక్ష దాటేది, అది ఒప్పుకోవాలి.

మా రిసెప్షన్ అమ్మాయికి ఈ లెక్కంతా చెప్పాను. వాళ్లకి సెలవు దొరికే రోజులు చూస్తే సరిగ్గా అష్టమి దగ్గర పడ్డాయి. అప్పుడు పొద్దున్న నీళ్లుండవు, మధ్యాహ్నం రెండు, మూడింటికి ఎండలో దిగాలి. పిల్లల నిద్ర పొద్దుటికి మార్చుకోగలిగితే పర్వాలేదన్నాను. మా చిన్నోడితో అయితే జరిగే పని కాదు.